జవాబు చెప్పని బడి

నాలుగేళ్ళ కిందట ఒక హ్యాకథాన్‌లో నలుగురం కలిసి ఒక యాప్ చేశాం. ఆకు ఫొటో తీస్తే చాలు, ఏ పురుగో, ఏ తెగులో, ఏ మందు ఎంత కొట్టాలో తెలుగులో చెప్తుంది. రెండో బహుమతి వచ్చింది. ఆ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా చిన్న మావయ్యకి గొప్పగా చూపించాను. ఆయన ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి సాలీడు ఫొటో తీస్తే ఏం చెప్తుందిరా?" అన్నాడు. దాళ్వా నారుమడి గట్టు మీద ఒక సాలీడుని పట్టుకుని ఫొటో తీశాం. ఆకుముడత పురుగు అని చెప్పి, కొట్టాల్సిన మందు పేరు కూడా ఇచ్చింది మా యాప్.

తప్పు మోడల్‌ది కాదు, మాది. మా డేటాలో మిత్రపురుగు అన్న విభాగమే లేదు. "ఏమీ చెయ్యక్కర్లేదు" అన్న జవాబూ లేదు. మావయ్య నవ్వి, "మాకు పొలంబడిలో మొదట చూపించింది సాలీళ్ళనేరా" అన్నాడు. నేను ఆ మాట వినడం అదే మొదటిసారి. వ్యవసాయ శాఖ పెట్టిన పేరు, సర్కారీ వాసన లేని మంచి పేరు. దాని వెనక ఉన్న కథ వెతుక్కుంటూ వెళితే, ఇండొనేషియాలోని జావా ద్వీపంలో తేలాను.

కథ సుడిదోమతో మొదలవుతుంది. వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి రసం పీల్చే చిన్న గోధుమరంగు పురుగు ఇది. ఎక్కువైతే పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. హరిత విప్లవానికి ముందు ఇదేమంత పెద్ద శత్రువు కాదు. 1970లలో అధిక దిగుబడి వరి వంగడాలు, వాటితోపాటు ఎరువులు, పురుగుమందులు ఒకే మూటగా ఆసియా అంతా పాకాక ఇది విజృంభించింది. దోమను తట్టుకుంటుందని ఐఆర్26 అనే రకాన్ని తెచ్చారు. కొన్నేళ్ళకే దోమ దాన్నీ తినడం నేర్చుకుంది. ఇంకో రకం తెచ్చారు. మందు ఇంకాస్త కొట్టారు.

పురుగు పెరగడానికి మందే కారణమన్నది వినడానికి వింతగా ఉంటుంది గానీ, లెక్క సూటిగానే ఉంది. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, మందు వాటిని తాకదు. పైన తిరిగే సాలీళ్ళూ, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులూ చచ్చిపోతాయి. వారం తిరిగేసరికి గుడ్లు పిల్లలవుతాయి, తినేవాళ్ళు మాత్రం ఉండరు. 1970ల చివర్లో ఫిలిప్పీన్స్‌లో పీటర్ కెన్మోర్ అనే అమెరికన్ పరిశోధకుడు తన డాక్టరేట్ కోసం వరిమళ్ళలో పురుగుల్ని లెక్కపెట్టి చూపించింది ఇదే: మందు కొట్టని మళ్ళలో దోమ అదుపులోనే ఉంది, కొట్టిన మళ్ళలో చెలరేగింది.

ఇండొనేషియా 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు సుహార్తో రోమ్ వెళ్ళి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వేదిక మీద ఆ గౌరవం అందుకున్నాడు. 1986లో జావాలో సుడిదోమ మళ్ళీ లేచింది. అప్పటికి పురుగుమందుల ధరలో దాదాపు 80 శాతం ప్రభుత్వమే భరిస్తోంది. అంటే తన పంటను తినే దోమని తనే డబ్బిచ్చి పెంచుతోంది. 1986 నవంబరు 5న సుహార్తో ఒక అధ్యక్ష ఆదేశంతో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించాడు. 1989 నాటికి సబ్సిడీ కూడా పూర్తిగా పోయింది.

నిషేధం సుహార్తోలాంటి నియంతకి తేలిక. ఆ తరవాత ఏం చెయ్యాలన్నదే కష్టం. రెండు దశాబ్దాలపాటు "పదిహేను రోజులకోసారి కొట్టు" అని నేర్పిన రైతుకి ఇప్పుడు "కొట్టకు" అని చెప్తే సరిపోతుందా? ఎప్పుడు కొట్టకూడదు, ఎప్పుడు కొట్టక తప్పదు అన్నది మడిమడికీ, వారంవారానికీ మారుతుంది. దాన్ని జకార్తాలో కూర్చుని ఎవరూ చెప్పలేరు.

1989లో మొదలైన 'సెకోలా లపాంగ్' ఈ ప్రశ్నకి జవాబుగా వచ్చింది. ఆ మాటకి అర్థం పొలంబడే. వయోజన విద్యలో పనిచేసినవాళ్ళూ, కీటకశాస్త్రం చదివినవాళ్ళూ కలిసి దీన్ని తయారుచేశారు. పాతిక మంది రైతులు, ఒక పంటకాలం, వారానికి ఒక పూట. బడికి గది లేదు. పొద్దున్నే అయిదుగురేసి జట్లుగా మడిలోకి దిగి కొన్ని దుబ్బుల్ని పైనుంచి మొదలుదాకా పరిశీలిస్తారు. గట్టు మీదికొచ్చి పెద్ద కాగితం మీద రంగులతో వరి మొక్క బొమ్మ వేస్తారు. ఒక పక్క పంటను తినే పురుగులు, రెండో పక్క ఆ పురుగుల్ని తినేవి. పిలకలెన్ని, నీళ్ళెంత, ఎండ ఎలా ఉంది అన్నీ అందులోనే. ఆ బొమ్మ ముందు నిలబడి ఈ వారం ఏం చెయ్యాలో వాదించుకుని తేల్చుకుంటారు. రాయడం రానివాళ్ళు కూడా ఈ బడిలో వెనకబెంచీ కాదు.

ఇందులో నాకు బాగా నచ్చింది శిక్షకులకి పెట్టిన నియమం. రైతు ఒక పురుగుని చూపించి "ఇదేంటి?" అంటే పేరు చెప్పకూడదు. "ఎక్కడ దొరికింది? ఏం చేస్తోంది? ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అని తిరిగి అడగాలి. తేలకపోతే ఒక కుండీలో వరి మొక్క పెట్టి, వల కప్పి, పురుగుని అందులో వదిలి ఏం తింటుందో చూడాలి. ఆకు తినే పురుగు కనబడగానే గుండె గుభేలుమనే రైతుల చేత, ఒక చెక్కలో ఆకుల్ని కత్తెరతో కత్తిరించి, కోతల్లో దిగుబడి ఎంత తగ్గిందో వాళ్ళ చేతే తూకం వేయించేవారు. లేత వయసులో కొంత ఆకు పోయినా వరి తేరుకుంటుందన్నది అలా కళ్ళారా చూశారు. శిక్షకులక్కూడా తమ శిక్షణలో భాగంగా వరి నాటి, పండించి, కొయ్యక తప్పలేదు. 1990ల చివరికి ఇండొనేషియాలో పది లక్షల మంది రైతులు ఈ బడిలో చదివారు.

అప్పటికి మన దేశంలోనూ చాలాచోట్లా నడుస్తున్నది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. ప్రపంచ బ్యాంకు 1970లలో ప్రచారంలోకి తెచ్చిన 'ట్రైనింగ్ అండ్ విజిట్'. శాస్త్రవేత్త అధికారికి చెప్తాడు, అధికారి పదిహేను రోజులకోసారి ఊరికొచ్చి ఎంపికచేసిన రైతులకి చెప్తాడు, వాళ్ళు మిగతావాళ్ళకి చెప్తారు. ఇలా పైనుంచి కిందికి దిగేదాన్ని వాళ్ళు 'మెసేజ్' అనేవారు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. మా యాప్ చేసింది కూడా అదే కదా. అధికారి సైకిలు బదులు నోటిఫికేషన్, అంతే.

మన దగ్గర మెసేజ్ ఇంకో దారిలో కూడా వచ్చేది. పురుగుమందుల కొట్టు. అప్పిచ్చేదీ, మందిచ్చేదీ, ఏ మందో చెప్పేదీ ఒకే మనిషి. 1997-98లో వరంగల్లు పత్తిచేలల్లో పొగాకు లద్దెపురుగు చెలరేగి, కొట్టిన మందుకల్లా అది చావక, అప్పులు పెరిగి, ఎందరో రైతులు ఆ మందే తాగి చనిపోయారు. ఆ చావులకి కారణాలు చాలా. పొలంబడి వాటన్నిటికీ మందు కాదు. కానీ కొట్టు ముందు నిలబడ్డ రైతుకి "నా చేలో ఏముందో నేను చూశాను" అనగలిగే స్థితి ఉందా లేదా అన్నది అందులో చిన్న విషయం కాదు. తరవాతి దశాబ్దంలో మన రాష్ట్రంలో వరిలో, పత్తిలో పొలంబడులు నడిచాయి. ఖమ్మం జిల్లా పునుకులలాంటి ఊళ్ళు పురుగుమందులే మానేశాయి. మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సేద్యం ఊరూరికీ వెళ్ళింది, అక్కడా నేర్పింది ఎక్కువగా తోటి రైతులే.

ఈ బడి మన దగ్గరికొచ్చాక పురుగుల దగ్గరే ఆగలేదు. 2003 నుంచి కొన్నేళ్ళపాటు అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందలకి పైగా ఊళ్ళలో, అదే ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో భూగర్భజలాల మీద ఒక ప్రాజెక్టు నడిచింది. రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, గోడల మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీళ్ళెంత, వెయ్యాలనుకున్న పంటలకి కావలసిందెంత అని లెక్క వేసుకున్నారు. లోటు తేలితే ఏం చెయ్యాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఎవరి పంట వాళ్ళే ఎంచుకున్నారు.

ఇది ఇప్పుడు మరీ గుర్తొస్తుంది. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద సౌర పంపుసెట్లు వస్తున్నాయి. 'సూర్యమిత్ర' లాంటి కోర్సుల్లో కుర్రాళ్ళు ప్యానెల్ బిగించడం, వైరింగ్, మరమ్మతు నేర్చుకుంటున్నారు. మంచిదే, ఉద్యోగాలొస్తాయి. కానీ సౌర పంపుకి కరెంటు బిల్లూ లేదు, డీజిలు ఖర్చూ లేదు. ఎండ ఉన్నంతసేపూ తోడుకోవచ్చు. ఆపమని చెప్పేది కింద ఉన్న నీటి లెక్క ఒక్కటే. ప్యానెల్ని ఏ వాలులో పెట్టాలో తెలిసినవాళ్ళు ఊళ్ళో ఒకరిద్దరుంటే సరిపోతుంది. నీటి లెక్క మాత్రం బోరున్న ప్రతివాళ్ళకీ తెలియాలి.

ఇంతవరకూ చదివి పొలంబడి మీద నాకు గుడ్డి ప్రేమ అనుకోవచ్చు. ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 2004లో ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు ఫెడర్, ముర్గాయ్, కిజోన్ ఇండొనేషియా రైతుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. బడికెళ్ళినవాళ్ళ దిగుబడిలోగాని, మందుల వాడకంలోగాని చెప్పుకోదగ్గ తేడా వాళ్ళకి కనబడలేదు. నేర్చుకున్నది పక్క రైతులకి పాకడమూ అంతంతమాత్రమే. అదే ఏడాది 25 మదింపుల్ని కలిపి చూసిన ఇంకో నివేదిక, చాలాచోట్ల మందుల వాడకం బాగా తగ్గిందని చెప్పింది. ఈ వాదన ఇంకా తెగలేదు. కానీ పక్కవాళ్ళకి పాకకపోవడం గురించిన మాట నిజమే అనిపిస్తుంది నాకు. మీరు ఈత నేర్చుకుంటే మీ పక్కింటాయనకి ఈత రాదు.

పైగా, మెసేజ్ ఎప్పుడూ చెడ్డది కాదు. 1994లో వియత్నాంలోని లోంగ్ ఆన్ రాష్ట్రంలో హియోంగ్, ఎస్కలాడా అనే పరిశోధకులు రేడియోలోనూ, కరపత్రాల మీదా ఒకే మాట చెప్పించారు: నాటిన మొదటి 40 రోజులు ఆకుతినే పురుగులకి మందు కొట్టొద్దు. అక్కడ పిచికారీలు దాదాపు సగానికి తగ్గాయి. బడి అక్కర్లేకపోయింది, ఖర్చూ తక్కువే.

మరి బడి ఎందుకు? నాకు తోచిన తేడా ఇది. మెసేజ్ ఒక నియమాన్ని మోసుకెళ్తుంది, ఆ నియమం చెల్లినంతకాలం పనిచేస్తుంది. 2018లో కత్తెరపురుగు మొదటిసారి మన దేశంలో మొక్కజొన్న మీద పడింది. అంతకుముందు దాన్ని ఇక్కడ ఎవరూ చూడలేదు, దానికని తయారైన మెసేజూ లేదు. అలాంటి రోజున కావలసింది ఎక్కడ దొరికింది, ఏం చేస్తోంది, ఎన్ని ఉన్నాయి అని అడిగే అలవాటు. ఆ అలవాటుని ఫార్వర్డ్ చెయ్యలేం. ఒక పంటకాలం పాటు వారం వారం మడిలోకి దిగాల్సిందే. అందుకే అది ఖరీదైన చదువు, అందుకే బడ్జెట్ కోతల్లో ముందు పోయేదీ అదే.

మావయ్యని అడిగాను, ఆ బడి వల్ల లాభం ఎంతొచ్చిందని. లెక్క రాసుకోలేదన్నాడు. "అంతకుముందు కొట్టుకెళ్ళి 'ఏం కొట్టమంటారు' అని అడిగేవాణ్ణి. ఆ తరవాత 'ఇది ఉందా' అని అడిగాను. చాలాసార్లు అసలు వెళ్ళలేదు" అన్నాడు.

యాప్‌ని మేం మళ్ళీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే మాత్రం ముందు మార్చాల్సింది మోడల్ని కాదు, మొదటి తెరని. ఫొటో తియ్యగానే పేరు చెప్పకుండా, "ఇది మీకు ఎక్కడ కనబడింది?" అని అడగాలి.