విండోసు ఆటకు లైనక్సు దుబాసి

పూర్వము బందరు రేవున దిగిన విదేశీ వర్తకునికి మన భాష రాదు. మన నేతగానికి అతని భాష రాదు. నడుమ దుబాసి నిలిచి బేరము కుదిర్చెడివాడు. విండోసు కొరకు వ్రాసిన వీడియో ఆట లైనక్సుపై నడచుటకును అట్టి దుబాసియే కావలసి వచ్చినది.

ఆట తనంతట తాను తెరపై బొమ్మ వేయలేదు. "ఈ ఫైలు తెరువుము, ఈ త్రిభుజమునకు రంగు వేయుము" అని నిర్వాహక వ్యవస్థను అడుగును. విండోసు ఆట అడుగు తీరు లైనక్సుకు తెలియదు. ప్రాసెసరు మాత్రము రెండింటికిని ఒక్కటే కావచ్చును. కూడిక, తీసివేతల ఆజ్ఞలలో భేదము లేదు. చిక్కంతయు ఆ అడుగుటలోనే ఉన్నది. విద్యార్థులు ఈ సంగతిని గట్టిగా పట్టుకొనవలెను.

హెల్సింకి విద్యార్థియగు లీనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్సును వెలువరించెను. 1993లో బాబ్ ఆమ్‌స్టాట్, ఎరిక్ యంగ్‌డేల్ 'వైన్' అను దుబాసిని వ్రాయ మొదలిడిరి. మరుసటి సంవత్సరము నుండి అలెగ్జాండర్ జూలియార్ దాని భారము వహించెను. ఇది విండోసు యంత్రమును అనుకరించదు. విండోసు ఇయ్యవలసిన జవాబును లైనక్సు చేత ఇప్పించును. విండోసు మూలరచన బయటివారికి అందదు. పుస్తకములో చెప్పినదొకటి, యంత్రము చేయునది వేరొకటి అయిన సందర్భములు కలవు. కావున ఒక్కొక్క ప్రశ్నకు ఏ జవాబు వచ్చునో పరీక్షించి చూచుకొనుచు వ్రాయవలసి వచ్చెను. వైన్ 1.0 వెలువడినది 2008లో. పదునైదేండ్లు!

ఈలోగా మరియొక మార్గమును కొందరు ప్రయత్నించిరి: ఆటనే లైనక్సుకై తిరిగి కూర్చుట. 1998లో పుట్టిన లోకీ సంస్థ ఇందుకు పూనుకొని 2002లో మూతపడెను. కొనువారు లేరని ఆటలు రావు. ఆటలు లేవని కొనువారు రారు. 2013లో వాల్వ్ సంస్థ తన 'స్టీమ్' అంగడిని లైనక్సునకు తెచ్చినను, 2015లో 'స్టీమ్ మెషీన్లు' అమ్మకమునకు వచ్చినను ఈ ముడి విడలేదు.

బొమ్మలు గీయించు డైరెక్ట్3డి భాషయే అన్నిటికంటె కఠినము. 2016లో 'వల్కన్' అను క్రొత్త చిత్రభాష వచ్చినది. ఫిలిప్ రెబోల్ డైరెక్ట్3డి మాటలను వల్కన్‌లోనికి మార్చు 'డిఎక్స్‌వికె'ను వ్రాసెను. 'నీర్: ఆటోమటా' అను ఆటను లైనక్సుపై ఆడవలెనను కోరికయే దానికి మూలమట! ఆటల వలన చదువు చెడునని మనము పిల్లలను మందలింతుము గదా. వాల్వ్ సంస్థ వైన్‌ను, దీనిని జోడించి 2018 ఆగస్టులో 'ప్రోటాన్' పేర వెలువరించెను. 2022లో వచ్చిన 'స్టీమ్ డెక్' అను చేతి యంత్రములో పనిచేయునది లైనక్సే.

వింత యేమనగా, 16 బిట్ల నాటి పాత విండోసు ప్రోగ్రాములు 64 బిట్ల విండోసుపై నడువవు. వానిలో పెక్కింటిని వైన్ నడుపగలదు.

అయినను ఒక తలుపు మూసియే యున్నది. పలువురు కలిసి ఆడు పోటీ ఆటలలో మోసమును పట్టు కావలి ప్రోగ్రాములుండును. అందు కొన్ని వ్యవస్థ గర్భములోనికే తొంగి చూచును. లైనక్సులో ఆ గర్భమును సొంతదారుడు మార్చుకొనగలడు గనుక కావలివానికి నమ్మకము కుదరదు. అంతకు ముందు ప్రోటాన్‌పై నడచుచుండిన 'అపెక్స్ లెజెండ్స్' ఆట 2024 అక్టోబరులో ఈ కారణముననే లైనక్సు ఆటగాండ్రకు ప్రవేశము నిలిపివేసినది.