మెనోపాజ్ దశలో చర్మం పొడిబారుతోందా? సూరత్ తెలుగు మహిళలు తెలుసుకోవాల్సిన విషయాలు

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. మగవాళ్లు మరమగ్గాల మీద పనిచేస్తుంటే, చాలా ఇళ్లలో ఆడవాళ్లు చీరలకు లేసులు కుట్టడం, రాళ్లు అతికించడం వంటి పనులు చేస్తారు. నలభై ఐదు దాటాక చేతులు పగిలినా, కాళ్ల మీద పొట్టు లేచినా, దద్దుర్లేమీ లేకుండానే దురద పెట్టినా ‘వేడి చేసింది’, ‘నీళ్లు పడలేదు’ అని సరిపెట్టుకుంటారు. చాలామందిలో అసలు కారణం హార్మోన్ల మార్పు.

కారణం ఏమిటి?

మన దేశంలో మెనోపాజ్ సగటు వయసు 46-47 ఏళ్లు. పాశ్చాత్య దేశాల్లో ఇది 51 దాకా ఉంటుంది. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. కానీ ఈస్ట్రోజెన్ తగ్గుదల అంతకు కొన్నేళ్ల ముందే మొదలవుతుంది. చర్మంలో తేమను, నూనెను, కొలాజెన్‌ను నిలిపి ఉంచడంలో ఈ హార్మోన్‌ది కీలక పాత్ర. మెనోపాజ్ తర్వాత తొలి ఐదేళ్లలోనే చర్మం దాదాపు 30 శాతం కొలాజెన్‌ను కోల్పోతుంది. దాంతో చర్మం పలచబడుతుంది. అంతవరకూ పడిన సబ్బు, క్రీము కూడా మంట పుట్టిస్తాయి. కొందరికి చీమలు పాకుతున్నట్టూ అనిపిస్తుంది.

స్నానం

ఆరోగ్యకరమైన చర్మం స్వల్ప ఆమ్ల గుణంతో, సుమారు 4.5-5.5 పీహెచ్‌తో ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9-10. అందుకే పరిమళం లేని సిండెట్ బార్ లేదా తేలికపాటి క్లెన్సర్ మేలు. గోరువెచ్చని నీటితో పది నిమిషాల్లో స్నానం ముగించాలి. సున్నిపిండితో గట్టిగా రుద్దడం, ముఖానికి నిమ్మరసం, ముల్తానీ మట్టి పట్టించడం మానేయాలి.

మాయిశ్చరైజర్

తువ్వాలుతో అద్దుకున్న వెంటనే, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే రాయాలి. పలుచని లోషన్ కన్నా చిక్కటి క్రీము మంచిది. గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్నవి చూసుకోవాలి. ఖరీదైనవే కొనక్కర్లేదు. చేతులకు, కాళ్లకు పెట్రోలియం జెల్లీ చాలు. యూరియా ఉన్న క్రీము మడమలకు బాగా పనిచేస్తుంది కానీ పగుళ్ల మీద మండుతుంది. సూరత్ సముద్రానికి దగ్గరే అయినా చలికాలంలో గాలి పొడిగా మారుతుంది. అప్పుడు రోజుకు రెండుమూడు సార్లు రాయాలి. సంక్రాంతికి ఇక్కడ రోజంతా మేడల మీద గాలిపటాలతోనే గడుస్తుంది. ఆ ఎండకు ఎస్‌పీఎఫ్ 30 అయినా ఉన్న సన్‌స్క్రీన్ తప్పనిసరి.

చేతి పనులు

జిగురు, డిటర్జెంట్ పొడి చర్మానికి శత్రువులు. వేళ్లకు అంటిన జిగురును థిన్నర్‌తోనో కిరోసిన్‌తోనో వదిలించకూడదు. బట్టలు ఉతికేటప్పుడు లోపల నూలు గ్లవుజులు, పైన రబ్బరు గ్లవుజులు వేసుకోవాలి. బొట్టుబిళ్ల పెట్టుకునే చోట దురద, తెల్లమచ్చ కనిపిస్తే వెంటనే మానేయాలి. ఆ జిగురులోని రసాయనాలే కారణం కావచ్చు.

స్టెరాయిడ్‌తో జాగ్రత్త

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ‘దురద క్రీముల్లో’ క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్లు ఉండొచ్చు. మొదట రెండు రోజుల్లో హాయినిస్తాయి. వాడుతూ పోతే ఇప్పటికే పలచబడిన చర్మం ఇంకా పలచబడుతుంది, ముఖం ఎర్రబారుతుంది, ఆపితే సమస్య తిరగబెడుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌ను అడగాలి.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

రెండు మూడు వారాల జాగ్రత్తలతోనూ దురద తగ్గకపోతే, నిద్ర చెడితే, పగుళ్ల నుంచి రక్తం, చీము వస్తే ఆలస్యం చేయొద్దు. థైరాయిడ్, మధుమేహం, కిడ్నీ, కాలేయ సమస్యల్లోనూ ఒళ్లంతా దురద పెట్టవచ్చు. రక్తపరీక్షతోనే తేలుతుంది. యోనిలో పొడిదనం, మంట ఉంటే సిగ్గుపడకుండా గైనకాలజిస్టుకు చెప్పాలి, దానికి వేరే చికిత్స ఉంది. హార్మోన్ చికిత్సను చర్మం కోసమే ఇవ్వరు. ఇతర లక్షణాలు, ఆరోగ్య చరిత్ర చూసి నిర్ణయిస్తారు.

సూరత్‌లో న్యూ సివిల్ ఆస్పత్రి, నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్ ఆస్పత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన క్రీముల ట్యూబులన్నీ తీసుకెళ్లండి. చివరి నెలసరి ఎప్పుడు వచ్చిందో, చేసే పనేమిటో తప్పక చెప్పండి. గుజరాతీ, హిందీ ఇబ్బందైతే ఇంట్లో చదువుకున్న కూతురినో కోడలినో వెంటబెట్టుకెళ్లండి.