రొండిని దోపిన చెంగు

వస్త్రచరిత్రను వ్రాయబూనిన పండితులు సాధారణముగా అంతఃపురముల పట్టుచీరలతో మొదలుపెట్టి, దేవాలయశిల్పములలోని మొలనూళ్ళను ఒక్కొక్కటిగా వర్ణించి, తుదకు నేటి అంగళ్ళలోని ధరలను గూర్చి నాలుగు మాటలు చెప్పి విరమింతురే గాని, అరువది యేండ్లు దాటిన ఆడుది బట్టను ఎట్లు చుట్టుకొనెను, ఎక్కడ దోపుకొనెను, అక్కడనే ఏల దోపుకొనెను అని అడిగినవారు అరుదు. అడుగదగిన ప్రశ్నయే అని నా తలంపు. వయసుతో మారిన ఒడలికి బట్టను ఒప్పిదముగా సవరించుకొను నేర్పు మన పెద్దవారికి దర్జీవలన వచ్చినది కాదు; కత్తెర తగులని పొడుగుబట్టతో ఒక ఆయుష్కాలము పనిచేయుటవలన వచ్చినది. గంజాము తీరమందలి రామయ్యపట్నము వంటి ఊళ్ళలో ఆ నేర్పు ఇంకను కంటికి కనబడుచున్నది.

రామయ్యపట్నము చికిటి సమితిలోని మత్స్యకారగ్రామము. ఇచ్ఛాపురము ప్రక్కగా పారివచ్చిన బాహుదానది సముద్రమున గలియు సోనాపురము దానికి చేరువ. ఇంటిలో తెలుగు, కచేరీలో ఒడియా, సంతలో రెండును. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేకరాష్ట్రముగా ఏర్పడువరకు ఈ తీరమంతయు మదరాసు రాజధానిలోని గంజాము జిల్లాయే. ఆ దినమున బరంపురము ఒడిశాకు పోయినది, ఇచ్ఛాపురము మదరాసులోనే మిగిలి, 1950లో శ్రీకాకుళము జిల్లాలో చేరినది. ఐనను పిల్లనిచ్చుటలు, తెచ్చుకొనుటలు ఆ సరిహద్దును లెక్కచేయలేదు గనుక, అత్తవారింటికి వచ్చిన కోడలితోపాటు ఆమె తల్లి కట్టిన కట్టుకూడ అటునిటు వచ్చుచునే యుండెను.

పూర్వము పెద్దవారు కట్టినది పదునారు మూరల చీర, అనగా ఎనిమిది గజములు. శక్తిగలవారు పదునెనిమిది మూరలదియు కట్టిరి. నాడు లోపావడా లేదు, దాని బొందును లేదు. చీర నిలుచుటకు చీరయే ఆధారము. ఒక కొనను నడుముచుట్టు త్రిప్పి, పై అంచుతో కలిపి గట్టిగా ముడివేసి, నడిమి భాగమును కుచ్చిళ్ళుగా మడిచి బొడ్డువద్ద దోపి, ఆ కుచ్చిళ్ళ క్రింది అంచును కాళ్ళ నడుమనుండి వెనుకకు లాగి వెన్నుపూస మొదట దోపినచో అది గోచికట్టు. మిగిలిన చెంగు రొమ్ముమీదుగా భుజమెక్కి, వీపుమీదుగా దిగి, మరల నడుమును చుట్టి ముందునకు వచ్చి రొండిని చేరును. కళింగదేశపు పల్లెలలో కొన్ని కులములవారు కుడిపైట వేయుదురు గావున, వారికి ఈ త్రోవ యంతయు తలక్రిందుగా నడచును.

ఇందలి గుట్టంతయు ఆ కడపటి దోపులోనే యున్నది. నలుగురు బిడ్డలను కనిన పొట్ట జారును, నడుము వెడల్పగును, వీపు కొంచెము వంగును. వీనిలో దేనిని దాచుటకును ఆ ముసలమ్మ ప్రయత్నింపదు. కాని నడుముచుట్టు పలుమార్లు తిరిగిన బట్ట పొట్టను అడుగునుండి ఎత్తిపట్టును. వీపుమీదుగా ఏటవాలుగా దిగిన చెంగు వంగిన భుజములపై అడ్డగీతకు బదులు నిలువుగీతను నిలుపును. రొండిని ఒకే ప్రక్కకు దోపిన కొస చూపరుల దృష్టిని పొట్టమీదనుండి ప్రక్కకు తప్పించును. దోపు ఎప్పుడును నట్టనడుమ నుండదు, ప్రక్కకే. నేటి వస్త్రాలంకారనిపుణులు పత్రికలలో సచిత్రముగా బోధించు సూత్రము ఇదియే గదా! వారికి దీనివలన రుసుము వచ్చును. మన ముసలమ్మలకు వచ్చినది నడుమునొప్పినుండి కొంత ఉపశమనము.

కట్టు ఒక్కటియే యైనను ఎత్తు వేరు. మడి కట్టుకొను బ్రాహ్మణ వృద్ధురాలి గోచి చీలమండలవరకు దిగును. చేపలవేట వృత్తిగాగల వాడబలిజ స్త్రీది మోకాటివద్దనే ఆగును. వలలాగునపుడు అలలు పిక్కలవరకు వచ్చును గనుకను, తడిసిన చీర కాళ్ళకు చుట్టుకొనినచో నెత్తిమీది గంపతో నడచుట ప్రాణాంతకము గనుకను, ఆ అంగుళముల తేడాలో సిగ్గెగ్గుల ప్రసక్తి లేదు. పట్టణపు పెద్దమనుష్యులు కొందరు దీనిని మోటుతనముగా ఎంచిరి. అలలలో ఒక్కసారి దిగి చూచినచో ఆ మాట అనియుండరు.

పడవలు ఒడ్డుకు చేరు ఉదయమున, వలలోనుండి కవళ్ళు, కానాగడతలు ఇసుకపై కుప్పలు పడునపుడు, వయసు మీరిన అమ్ముకత్తెల చేతులను గమనింపుడు. బేరము కుదురువరకు చీర వదులుగానే యుండును. గంప నిండగానే ఆమె కుడిచేతితో అంచును ఒక బెత్తెడు పైకి తీసి, ఎడమచేతి బొటనవ్రేలితో రొండివద్ద లోనికి నొక్కి, వెంటనే చెంగును ముందునకు లాగి దానిపైనే మరియొక దోపు దోపును. మొదటి దోపు జారకుండుటకు రెండవది కాపు. చిల్లర ముడివేసిన కొంగుకొస ఆ రెంటి నడుమ నణగి యుండును. అటుపిమ్మట పాతగుడ్డ చుట్టకుదురు నెత్తినెక్కును, దానిపై గంప ఎక్కును. ఇంత పనియు పట్టుమని పది గుటకలసేపు పట్టదు. ప్రక్కన క్రొత్తగా గంపనెత్తుచున్న కోడలి కుచ్చిళ్ళు ఇసుకపై జీరాడుట చూచి, “ఓలమ్మా, సీర నేల నాకుతంది, ఎగ్గట్టవే!” అని అత్త అదలించుట ఈ తీరమున ఎవరికిని క్రొత్త గాదు.

ఈ స్త్రీలు కట్టినది ముతకనూలు. ఇక్కడికి కొలది దూరములోనే బరంపురమున, అదియు తెలుగువారి మగ్గములమీదనే, తూర్పుతీరమున పేరెన్నిక గన్న పట్టు నేయబడుచుండెను. మహూరి సంస్థానాధీశులు రెండు శతాబ్దములకు పూర్వమే రాజమహేంద్రవరప్రాంతమునుండి దేవాంగులను రప్పించి నిలిపిరని సంప్రదాయము. వారి చీరకు ఫోడాకుంభము ప్రాణము: అంచునుండి గుడిగోపురముల వరుసవలె కోణములు చీరనడిమికి చొచ్చుకొనివచ్చును. అంచు వన్నె, నడిమి వన్నె ఒండొంటితో పెనవేసికొనుటకు మూడు నాడెలు ఆడవలెను. 2012లో ఈ నేతకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఆ కోణములు కేవలము శోభకొరకే అనుకొనుట పొరపాటు. ఒత్తుగా నేసిన అంచు బరువెక్కువ. బరువైన అంచు కుచ్చిళ్ళను నిట్టనిలువుగా క్రిందికి లాగును. మెత్తని నడిమిపట్టు ఒంటికి హత్తుకొనక, ఉబికి నిలువక, జారి దిగును. లావెక్కిన మనిషికి ఇంతకన్న మేలుచేయు బట్ట లేదు. ఐతే పట్టు జారుగుణము కలది గనుక దోపు లోతుగా నుండవలెను. నూలునకు రెండు వ్రేళ్ళ దోపు చాలినచోట పట్టునకు అరచేతి దోపు కావలెను. చిన్నతనమున జానెడంచు కోరిన యామె షష్టిపూర్తినాటికి నాలుగంగుళముల అంచునే ఏరుకొనుటకు వైరాగ్యము కారణము గాదు. కుదించుకొనిపోయిన ఎత్తుకు పెద్ద అంచు మరింత పొట్టితనము నంటగట్టునని అద్దము లేకయే ఆమె ఎరుగును.

ఈ కట్టును మార్చినవి మూడు. మొదటిది జాకెట్టును లోపావడాయు: ఠాకూరు వంశపు కోడలు జ్ఞానదానందినీదేవి పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున బొంబాయిలోని పార్సీస్త్రీల కట్టును చూచి, దానిని సవరించి కలకత్తాకు తెచ్చిన పిమ్మట, చదువుకొనిన కుటుంబములలో ఆ రీతి మెల్లమెల్లగా దేశమంతటను వ్యాపించెను. మన యిండ్లలో పడుచులు జాకెట్టు తొడిగిన చిరకాలమునకుగాని అవ్వలు దానిని అంగీకరింపలేదు. అంగీకరించినవారును ముందు ముడివేసుకొను రవికతోనే సరిపెట్టుకొనిరి. రెండవది మిల్లుబట్ట. మూడవదానిని చరిత్రకారులు తరచుగా విస్మరింతురు: యుద్ధకాలపు బట్టకరవు. 1943లో నూలుబట్టలపై నియంత్రణ వచ్చి, బట్టకొరకు జనము బారులుతీరి నిలువవలసిన దినములలో పదునారు మూరల చీర ఎవరికి దొరకును? దొరికిన అయిదు గజములతో గోచి పోయలేరు. పోసినను పైటకు చాలదు. గోచి విడిచి, లోపావడా బొందులో కుచ్చిళ్ళు దోపుట అలవాటైన చేతులు, కరవు తీరిన తరువాతను పాతకట్టునకు మరలలేదు. నాగరికత పెరిగి కట్టు మారెనని మనము గొప్పగా చెప్పుకొందుము. గజముల లెక్కకూడ కొంత చెప్పుకొనిన బాగుండును.

మార్పు వచ్చినను రొండి తన హక్కును వదలుకొనలేదు. షాంటాల్ బులాంజే అను ఫ్రెంచి పరిశోధకురాలు భారతదేశపు చీరకట్టులను పటములతో కూర్చి 1997లో గ్రంథముగా ప్రకటించినది; అట్టి గ్రంథములు కట్టులను చూపగలవే గాని, కట్టిన తరువాత దినమంతయు జరుగు సవరింపులను చూపలేవు. రొండి హక్కు నిలిచినది ఆ సవరింపులలోనే. నేడు తీరమందలి యిండ్లలో అవ్వలుకూడ నైటీ తొడుగుచున్నారు. వాకిటికి రావలసినపుడు భుజములపై తువ్వాలు కప్పుకొని, దాని రెండు కొసలను పైటవలె ముందునకు తెచ్చి పట్టుకొందురు. నీళ్ళపంపువద్ద నైటీ అంచును పైకి తీసి రొండిని నొక్కుదురు. నైటీకి నడుమే లేదు, దోపుటకు తావే లేదు. ఐనను లోపావడా బొందును వెదకి పట్టుకొని అందులోనే దోపుదురు.

బరంపురపు బజారులో పెద్దవయసువారును కొనుచున్న పొడుగు టాప్‌లకుకూడ ఈ పాతలెక్క వర్తించును. చుట్టును సమానముగా లోనికి దోపినచో పొట్టపై ఉబ్బు నిలుచును. ముందుభాగపు ఒక ప్రక్కను మాత్రము, అరచేతి వెడల్పున, వదులుగా దోపి, వెనుకభాగమును పిరుదులు కప్పునట్లు విడిచినచో నిలువుగీత నిలుచును, నడుము తెలియును. గంజి పెట్టిన గరుకుబట్ట దోపునకు లొంగదు, మెత్తని నూలు లొంగును. ప్రక్కచీలిక తుంటివద్ద మొదలైనచో కూర్చుండునపుడు బట్ట లాగదు. తొడసగమున మొదలైనచో ప్రతి మెట్టువద్దను చేతితో ఎత్తిపట్టవలసివచ్చును. దర్జీలు చాలమంది కుర్రతనపు కొలతకే కత్తిరింతురు గనుక, చీలికను రెండంగుళములు పైకి కుట్టుమని అడిగి కుట్టించుకొనుట మేలు.