అరటిదొప్పలో ఆకాశం

రావులపాలెం అనగానే ఎవరికైనా అరటిగెలలే గుర్తొస్తాయి. లారీలెక్కి దేశాలు తిరిగే గెలల వైభవం సరే, గెల కోశాక మిగిలిన బోదెను పట్టించుకునేదెవరు? కార్తీకం వచ్చేసరికి దానికీ మహర్దశ పడుతుంది. పొరలు ఒలిచి, జానెడేసి దొప్పలు చేసి, నేతివత్తి వెలిగించి గౌతమిలో వదులుతారు ఆడవాళ్ళు.

కార్తీక అమావాస్య మర్నాడు, పోలిపాడ్యమి తెల్లవారుజామున రేవులో నిలబడి చూడండి. చంద్రుడుండడు. పైనా చుక్కలే, కిందా చుక్కలే. నడుమ, మోకాలి లోతు చన్నీళ్ళలో మనిషి. పడమట వాలిపోతూ కృత్తికలు కనిపిస్తాయి, కార్తీకానికి పేరిచ్చినవి. వాటి వెలుగు మన కంటికి చేరడానికి సుమారు 440 ఏళ్ళు పడుతుందిట. అంటే ఈ ఏడు మనం చూసే వెలుగు అక్కడ బయలుదేరినప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, ఈ కాలవలూ లేవు. కాటన్ దొర ఆ పని మొదలుపెట్టింది 1847లో కదా! దారిలో ఉండగానే ఇక్కడ ఇంత చరిత్ర జరిగిపోయింది.

దీపాలతో మనిషిని ఆకాశం మధ్య నిలబెట్టే ఈ పనిని యంత్రంతో చేయడానికి జర్మనీవాళ్ళకు 1923 దాకా పట్టింది. జైస్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ బవర్స్‌ఫెల్డ్ ఒక గోళంలో దీపం పెట్టి, గుమ్మటం లోపలివైపు చుక్కలు మెరిపించాడు. మన హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద బిర్లా నక్షత్రశాలను 1985లో ఎన్.టి.రామారావుగారు ప్రారంభించారు. దీపాలు ఆర్పగానే పిల్లలంతా ఒక్కసారి "హో" అంటారు చూశారూ, టిక్కెట్టు డబ్బులు అక్కడికే చెల్లు. బయట వీధిదీపాలు మింగేసిన చుక్కల్ని లోపల దీపంతోనే చూపించాల్సి రావడం మాత్రం విడ్డూరమే.

అయితే నక్షత్రశాల మనిషెంత చిన్నవాడో చెప్పి ఊరుకుంటుంది. పోలి కథ అలా కాదు. ఇంత లోకంలో ఒక కోడలికి చోటెక్కడా అని అడుగుతుంది. అత్తగారు మిగతా కోడళ్ళను వెంటేసుకుని నదికి పోయేది, పోలిని ఇంటిచాకిరీకి వదిలేసి. ఆ పిల్ల పెరట్లో రాలిన పత్తి ఏరి వత్తి చేసుకుంది, కవ్వానికి అంటిన వెన్న రాసింది, దీపం వెలిగించి ఎవరి కంటా పడకుండా బుట్ట బోర్లించింది. నెలాఖరుకి విమానం వచ్చింది ఆమె కోసమే. అత్తగారు కాళ్ళు పట్టుకుని వేలాడినా లాభం లేకపోయిందిట.

నది దగ్గరలేని వాళ్ళు ఇప్పుడు పళ్ళెంలో నీళ్ళు పోసి, అపార్టుమెంటు బాల్కనీలోనే దొప్ప వదులుతున్నారు. "ఇదేం దీపం, ఇదేం నది!" అని పెద్దవాళ్ళు నవ్వుతారు. పోలికి ఆ పళ్ళెం కూడా లేదు మరి.