విన్సెంట్ ఎష్

విన్సెంట్ జెరోమ్ ఎష్ (1876–1950) హైదరాబాదు నగరానికి మూసీ తీరపు రూపురేఖలు దిద్దిన ఆంగ్లేయ వాస్తుశిల్పి. భారతదేశానికి వచ్చి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనిచేశాడు. తర్వాత విలియం ఎమర్సన్ రూపొందించిన కలకత్తా విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పర్యవేక్షించాడు.

1908 సెప్టెంబరు 28న మూసీ నది వరద హైదరాబాదును ముంచెత్తింది. పునర్నిర్మాణానికి 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. నిజాం ప్రభుత్వ పిలుపుపై 1914లో ఎష్ హైదరాబాదు చేరాడు. కాచిగూడ రైల్వే స్టేషన్ (1916), హైకోర్టు, సిటీ హైస్కూలు (నేటి సిటీ కాలేజీ), ఉస్మానియా ఆసుపత్రి ఆయన పేరుతో ముడిపడినవి. గుమ్మటాలు, కోణాకారపు కమానులు, జాలీలు, ఛత్రీలు వీటన్నిటికీ ఉమ్మడి సొత్తు. హైకోర్టు, సిటీ కాలేజీ దక్షిణ తీరాన ఉంటే ఆసుపత్రి వాటికెదురుగా ఉత్తర తీరాన నిలిచింది. నదిని వెనక్కి నెట్టక, భవనాల ముందు నిలిపిన ఈ అమరికే ఆయన పనిలో మేలైనది.

ఘనతంతా ఎష్‌కే కట్టబెట్టడం న్యాయం కాదు. 1915లో మొదలై 1920లో ప్రారంభమైన హైకోర్టుకు తొలి నమూనా గీసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్.