దస్త్రాలు కొండెక్కిన ఊరు

పదవీ విరమణ వల్ల కలిగే లాభాల్లో ఒకటి, సెలవు కోసం ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కరలేదు. ఆ ధైర్యంతోనే నేనూ, మా ఆవిడా, మరో రెండు జంటలూ కలిసి ఒక సెప్టెంబరు నెలాఖరున నాలుగు రోజులు సిమ్లాలో గడిపి వచ్చాం. అక్కడి దేవదారు చెట్ల గురించీ, చలి గురించీ చాలామంది రాశారు. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనుక నాకు మాత్రం ఆ ఊరు ఒక పెద్ద ఆఫీసు కథగా కనిపించింది. ఆ కథే సభ్యమిత్రులకు చెబుతాను.

సుమారు 7,200 అడుగుల ఎత్తున ఉన్న ఈ ప్రాంతం 1814-16 నాటి గూర్ఖా యుద్ధం తర్వాత ఆంగ్లేయుల దృష్టిలో పడింది. 1822లో కెన్నడీ అనే సైనికాధికారి ఇక్కడ ఒక ఇల్లు కట్టుకున్నాడు. వేసవి భరించలేని దొరలు ఒక్కొక్కరే వచ్చి చేరారు. 1864లో వైస్రాయి జాన్ లారెన్సు దీనిని వేసవి రాజధానిగా చేశాడు. కలకత్తాలో ఐదు రోజుల్లో అయ్యే పని సిమ్లాలో ఒక్క రోజులో అవుతుందని ఆయన వాదన. పంఖా కింద చెమటోడుస్తూ లెడ్జర్లు రాసిన మనవాళ్ళలో ఎవరికీ అలాంటి వాదన వినిపించే అవకాశం రాలేదు!

అలా ఏటా ఎండాకాలం రాగానే భారత ప్రభుత్వం మూటాముల్లే సర్దుకుని వెయ్యి మైళ్ళకు పైబడి ప్రయాణం చేసేది. వైస్రాయి, కౌన్సిలు సభ్యులు, కార్యదర్శులు, వారి వెనుక గుమాస్తాలు, జవానులు, పెట్టెలకొద్దీ దస్త్రాలు. మొదట్లో రైలు అంబాలా వరకే. అక్కడి నుంచి టాంగాలూ, ఎద్దుబళ్ళే గతి. 1891లో రైలు కొండ పాదాన ఉన్న కాల్కాకు చేరింది. చలి మొదలయ్యాక మళ్ళీ అంతా కిందికి. బదిలీ మీద ఒక్కసారి సామాను సర్దడానికే మన ఇళ్ళల్లో ఎంత రభస జరిగేదో గుర్తు తెచ్చుకోండి.

మాల్ రోడ్డు మీద మామూలు వాహనాలను రానివ్వరు. ఈనాటికీ చాలా బరువులు మనుషుల వీపుల మీదే ఎక్కుతాయి. నిండు గ్యాసు సిలిండర్లు రెండు తాళ్ళతో వీపుకు కట్టుకుని వంగి ఎక్కుతున్న ఒక కూలీని చూసి మా ఆవిడ అడిగింది, "అయితే ఏమండీ, ఆ రోజుల్లో మీ దస్త్రాల పెట్టెలన్నీ మోసిందెవరు?" అని.

సమాధానం చరిత్రలో ఉంది. చుట్టుపక్కల కొండ గ్రామాల వాళ్ళను బేగారీ పేరిట, అంటే మన వెట్టిచాకిరీ లాంటి పద్ధతిలో పట్టుకొచ్చి రోడ్లు వేయించారు, సామాన్లు మోయించారు. 1850లో మొదలైన హిందుస్తాన్-టిబెట్ రోడ్డు వెనుకా ఈ చాకిరీ ఉంది. 1904లో అమెరికా నుంచి వచ్చి కోట్‌గఢ్‌లో స్థిరపడిన శామ్యూల్ స్టోక్సు 1920-21లో బేగారీకి వ్యతిరేకంగా గ్రామస్థులను కూడగట్టాడు. 1921 డిసెంబరులో జైలుకు వెళ్ళాడు. తర్వాత హిందూమతం స్వీకరించి సత్యానంద స్టోక్సు అయ్యాడు. ఆ కొండల్లో మేలురకం ఆపిల్ తోటలకు దారి చూపింది కూడా ఆయనే.

మనం సరదాగా ఎక్కే బుల్లి రైలును 1903 నవంబరు 9న కర్జన్ ప్రారంభించాడు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. 96 కిలోమీటర్లలో దాదాపు 4,600 అడుగులు ఎక్కుతుంది. వందకు పైగా సొరంగాలు, ఎనిమిది వందలకు పైగా వంతెనలు. అన్నిటిలోకీ పొడవైన బరోగ్ సొరంగం 1,143 మీటర్లు. 2008లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2023 ఆగస్టు వర్షాలకు సమ్మర్ హిల్ దగ్గర కొండచరియ విరిగిపడి మనుషులు చనిపోయారు. పట్టాలు గాలిలో వేలాడాయి. కొండ మీద కొండంత ఊరు కట్టినందుకు కొండ లెక్క అడుగుతోందనిపిస్తుంది.

1888లో పూర్తయిన వైస్రాయి భవనం చూసి తీరాలి. దాని శిల్పి హెన్రీ ఇర్విన్. మద్రాసు హైకోర్టు భవనంలోనూ, మైసూరు ప్యాలెస్‌లోనూ ఆయన చేయి ఉంది. స్వాతంత్ర్యానంతరం రాష్ట్రపతి నివాస్ అయిన ఈ రాజసౌధాన్ని చదువులకు అప్పగించినది రాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఒకనాడు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్న ఆయనే 1965 అక్టోబరులో ఇక్కడ ఉన్నత అధ్యయన సంస్థను ప్రారంభించారు.

1945 జూన్, జులైలలో వేవెల్ పిలిచిన సిమ్లా సమావేశం ఇక్కడే జరిగి విఫలమైంది. 1947 మేలో మౌంట్‌బాటెన్ అధికార బదిలీ పథకాన్ని సిమ్లాలో తన అతిథిగా ఉన్న నెహ్రూకు చూపాడు. అది దేశాన్ని ముక్కలు చేస్తుందని నెహ్రూ తిరస్కరించారు. అప్పుడు కొన్ని గంటల వ్యవధిలో కొత్త ముసాయిదా రాసిచ్చినవారు వి.పి. మీనన్. ఆయన ఐ.సి.ఎస్. కాదు. కళాశాల చదువు కూడా లేదు. 1914లో హోం శాఖలో గుమాస్తాగా చేరి, మెట్టుమెట్టుగా పైకి వచ్చినవారు. తర్వాత పటేల్ గారి పక్కన నిలిచి సంస్థానాల విలీనంలో ముఖ్యపాత్ర వహించారు. ఆ ముసాయిదా విభజనను ఆపలేదు. కానీ అంతటి కాగితం మనలాంటి బల్ల దగ్గర పని నేర్చుకున్న ఒక ఉద్యోగి చేతిమీదుగా వెళ్ళిందని తలుచుకుంటే, ఆ భవనం ముందు నిలబడి నేను కాసేపు కదలలేకపోయాను.

1972 జులైలో ఇందిరాగాంధీ, భుట్టోల ఒప్పందం జరిగిందీ సిమ్లాలోనే. 1971లో హిమాచల్ పూర్తి రాష్ట్రమైనప్పటి నుంచి ఇది దాని రాజధాని.

వెళ్ళదలచినవారు ఏప్రిల్‌లో గానీ, సెప్టెంబరు చివర గానీ వెళ్ళండి. మోకాళ్ళ నొప్పులవారు కార్ట్ రోడ్డు నుంచి మాల్ రోడ్డుకు లిఫ్టు ఎక్కవచ్చు. సామాను మోసే కూలీతో మరీ గీచి గీచి బేరమాడకండి. ఆ ఊరు మొదటి నుంచీ నిలబడింది ఆ వీపుల మీదనే. మా ఆవిడ అడగకపోతే అది నాకూ తట్టేది కాదు.