ఎవరి జీతగాడూ కాని వకీలు

లా చదివి వచ్చిన పిల్లవాణ్ణి మన పాలమూరు పల్లెల్లో పెద్దలు అడిగే మొదటి మాట: "నౌకరి ఎప్పుడొస్తది బిడ్డా?" జడ్జి పరీక్ష రాస్తున్నానంటే మెచ్చుకుంటారు, సర్కారు వకీలునవుతానంటే తలూపుతారు. సొంత ఆఫీసు పెట్టుకుంటానంటే మాత్రం ముఖాలు చిన్నబోతాయి. ఏ కొలువూ దొరకనివాడు చివరికి పట్టే దారి అదేనని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు. మన గడ్డ మీద ఈ వృత్తికి పేరు తెచ్చినవాళ్లలో చేతిలో ఉన్న నౌకరీ వదులుకున్నవాళ్లూ ఉన్నారు.

నిజాం కచేరీల్లో 1880ల దాకా పారసీ నడిచింది, ఆ తర్వాత ఉర్దూ వచ్చింది. రైతు నోట ఉన్నదేమో తెలుగు. తన పొలం గురించి తానే పెట్టుకున్న అర్జీలో ఏం రాశారో ఇంకొకరు చదివి చెబితే తప్ప అతనికి తెలియదు. 1920ల మొదట్లో విడదీసేదాకా జిల్లాల్లో శిస్తు పెత్తనం, విచారణ పెత్తనం చాలాచోట్ల ఒకే కుర్చీలో ఉండేవి. గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలకు సొంత కోర్టులుండేవి. ఊళ్లో పటేలు, పట్వారీల మాటకు తిరుగులేదు. దివాణం జీతమో, జాగీరు తిండో తినే ఇంతమంది మధ్య కక్షిదారు ఇచ్చే ఫీజు మీదే బతికే మనిషి ఒక్కడు కనిపించాడు. అతనే వకీలు.

మాడపాటి హనుమంతరావుగారి దారి చూడండి. హనుమకొండలో విద్యాశాఖ గుమస్తాగా పనిచేశారు. తర్వాత హైదరాబాద్ వెళ్లి న్యాయశాఖలో అనువాదకుడయ్యారు. పింఛను దాకా కదలనక్కర్లేని కొలువు అది. వకీలు పరీక్ష ప్యాసై, 1917లో ఆ కొలువు వదిలేసి సొంత ప్రాక్టీసు పెట్టారు. కాలేజీ పట్టా లేకపోయినా పరీక్ష నెగ్గితే వకీలు కాగల రోజులవి. కొండా వెంకట రంగారెడ్డిగారు వచ్చిందీ ఆ పరీక్ష దారిలోనే.

కొలువు వదిలితే దొరికిన స్వేచ్ఛ ఏమిటో 1921 నవంబరు 12న తేలిపోయింది. హైదరాబాద్ వివేకవర్ధిని థియేటరులో ధోండో కేశవ్ కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరుగుతోంది. వక్తలు మరాఠీలో, ఇంగ్లీషులో, ఉర్దూలో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, ఎగతాళి. ఆ అవమానం కడుపులో పెట్టుకున్న కొద్దిమంది తెలుగువాళ్లు ఆ రాత్రే టేకుమాల రంగారావుగారి ఇంట్లో కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టారు. రంగారావుగారూ వకీలే. ఇందులో కాకతాళీయం ఏమీ లేదని నా అభిప్రాయం. సభ పెట్టాలన్నా ముందు అనుమతి అడగాల్సిన కాలం అది. సర్కారు జీతగాడు నోరు విప్పితే మర్నాడు పొయ్యి వెలగదు. వకీలు అన్నం మాత్రం కక్షిదారు చేతిలో ఉంది, అందుకే అతను మాట్లాడగలిగాడు.

పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావుగారిది పట్టా దారి. 1899లో కల్వకుర్తి తాలూకా పడకల్లులో పుట్టారు. పుణె ఫెర్గూసన్ కాలేజీలో బీఏ, 1923లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి, 1924లో హైదరాబాద్‌లో ప్రాక్టీసు పెట్టారు. పారసీ, ఉర్దూ, మరాఠీ, సంస్కృతం, ఇంగ్లీషు వచ్చిన ఆ మనిషి కోర్టుకు కోర్టు భాషలో చెప్పి, బయటికొచ్చాక కక్షిదారుకు తెలుగులో చెప్పగలిగారు. సొంత ప్రాక్టీసుకు అంతకన్నా పెట్టుబడి ఏం కావాలి! ఆ ఆంధ్ర జనసంఘం నుంచే ఎదిగిన ఆంధ్ర మహాసభ 1931లో దేవరకొండలో రెండోసారి జరిగినప్పుడు ఆయనే అధ్యక్షులు. నాగపూర్‌లో లా చదివి వచ్చిన పీవీ నరసింహారావుగారు ఆయన దగ్గరే జూనియర్‌గా చేరారు. హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చిన 1950లోనే బూర్గుల రెవెన్యూ మంత్రి అయ్యారు, 1952లో ముఖ్యమంత్రి అయ్యారు. మన జిల్లా వైపువారే అయిన సురవరం ప్రతాపరెడ్డిగారు లా చదివి, కొంతకాలమే ప్రాక్టీసు చేసి, 1926లో గోలకొండ పత్రిక వైపు మళ్లారు. ఆయన వాదన అచ్చులో సాగింది, అంతే తేడా.

వకీలు, ప్లీడరు, ముఖ్తారు, బారిస్టరు అనే అంతస్తులన్నీ 1961 న్యాయవాదుల చట్టంతో ఒకే వరుసలోకి వచ్చాయి. ఆ చట్టం కింద బార్ కౌన్సిల్ పెట్టిన నియమాల్లో 49వదాన్ని ప్రతి లా విద్యార్థీ గట్టిగా పట్టుకోవాలి. ప్రాక్టీసులో ఉన్నంతకాలం న్యాయవాది ఎవరి దగ్గరా పూర్తికాల జీతగాడిగా ఉండరాదు. అంటే మాడపాటిగారు సొంత నిర్ణయంతో చేసిన పనే తర్వాత నియమమైంది. 36వ నియమం ప్రకారం ప్రకటనలు ఇచ్చుకోకూడదు. తగుమాత్రం బోర్డు కట్టుకుని, పనితోనే పేరు తెచ్చుకోవాలి.

ఆ పని మొదలయ్యేది వకాల్తా కాగితం దగ్గర. కోర్టు పక్క టైపిస్టు దుకాణంలో ఫారం, దాని మీద సంక్షేమ నిధి స్టాంపు. కక్షిదారు సంతకమో వేలిముద్రో, ఆ కింద వకీలు సంతకం. అరపేజీ కాగితమే కానీ, ఒక మనిషి తన భూమినో, జైల్లో ఉన్న కొడుకునో మీ చేతిలో పెట్టినట్టు అది. ఆ వేలిముద్ర వేయించేముందు అందులో ఏముందో తెలుగులో చదివి వినిపించే వకీలుకు ఊరు బ్రహ్మరథం పడుతుంది. మొదటి ఏళ్లు సీనియర్ దగ్గర వాయిదాలు రాసుకుంటూ గడుస్తాయి, చేతిలో పైసా ఆడదు. గ్రామీణ ప్రాంతంలో జూనియర్‌కు నెలకు కనీసం 15,000 రూపాయలివ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచనగానే మిగలకూడదు. ఆ తర్వాత ఒక బెయిలు, ఒక చెక్కు బౌన్సు కేసు, శ్రీశైలం రోడ్డు ప్రమాదంలో ఒక నష్టపరిహారం పిటిషన్, అన్నదమ్ముల పంపకాల దావా. చిన్న ఆఫీసు నిలబడేది వీటి మీదే.

ఇక అలాంటి ఆఫీసు ఎక్కువ అవసరమైన చోటు నల్లమలలోని అమ్రాబాద్. 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం, దాని లోపలా అంచులా పెంటలనే చెంచుల గూడేలు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి గిరిజన కుటుంబం నాలుగు హెక్టార్ల దాకా పట్టా అడగొచ్చు. క్లెయిము విచారణ ముగిసేదాకా వాళ్లను ఖాళీ చేయించరాదు. గ్రామసభ తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి వెళ్లాలి. ఈ గడువు పెంటలో కూర్చున్న మనిషికి ఎవరు చెప్పాలి? నల్లమలలో యురేనియం తవ్వొద్దని జనం గట్టిగా నిలబడితే 2019 సెప్టెంబరు 16న శాసనసభే తీర్మానం చేసింది. ఉద్యమం తలుచుకుంటే అంత పని చేస్తుంది. ఒక్క కుటుంబం క్లెయిము గడువు దాటకుండా చూడటానికి మాత్రం పక్కన ఒక వకీలు ఉండాల్సిందే. గణితంలో డాక్టరేటు చేసిన కె. బాలగోపాల్‌గారు నడివయసులో లా చదివి నల్లకోటు వేసుకున్నది ఇలాంటి మనుషుల కోసమే.

దారి ఇప్పుడు ఆ రోజులంత కష్టం కాదు. లాసెట్ రాసి మూడేళ్లో ఐదేళ్లో చదవాలి, బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకోవాలి, అఖిల భారత బార్ పరీక్ష నెగ్గాలి. నమోదు ఫీజు పేరిట రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేస్తుంటే, చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోవద్దని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చింది: జనరల్‌కు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. జిల్లా కోర్టు కూడా 2022లో నాగర్‌కర్నూలుకే వచ్చింది.

అమ్రాబాద్, పదర, లింగాల వైపు నుంచి లా చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి ఒకటే. హైదరాబాద్‌లో పని నేర్చుకోండి, ఆఫీసు మాత్రం అచ్చంపేటలో పెట్టండి. పట్టా చేతికొచ్చేదాకా ఆగనక్కర్లేదు. లా విద్యార్థులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వలంటీరుగా చేరొచ్చు. గిరిజనుడికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఈ సెలవుల్లోనే ఏదైనా ఒక పెంటకు వెళ్లి ఆ సంగతి చెప్పి, దరఖాస్తు రాసిపెట్టి రండి.